పాప ఫైలులో నా దస్తూరీ

నా అల్లుణ్ణి జైల్లో కుళ్ళబెట్టాలని నేనొక ఫైలు తయారుచేశాను. ముప్పై ఏళ్ళుగా గురజాల రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో దస్తావేజులు రాసి బతుకుతున్నవాణ్ణి. అమ్మకాలు, పంపకాలు, వీలునామాలు ఎన్ని రాశానో నాకే గుర్తులేదు. వాటిల్లో దేనికీ పెట్టనంత శ్రద్ధ ఆ ఫైలుకి పెట్టాను. పొద్దున లేవగానే ముఖమైనా కడక్కుండా దాన్ని ముందేసుకుని కూర్చున్న రోజులున్నాయి.

ఆ ఫైలు నా మనవరాలి చరిత్ర. అప్పటికి పాపకి రెండు నెలలు ఇంకా నిండలేదు.

ఆ రోజు ఆదివారం. పురిటికి వచ్చిన కూతురు ఇంకా మా ఇంట్లోనే ఉంది. అల్లుడు ముందురోజు శనివారం బిడ్డను చూడ్డానికి వచ్చాడు. పొద్దున పదింటప్పుడు కూతురు స్నానానికి వెళ్ళింది. మా ఆవిడ వంటింట్లో ఉంది. అల్లుడు మధ్యగదిలో పాపను ఎత్తుకుని తిరుగుతున్నాడు. నేను వీధిగదిలో కూర్చుని ఎవరిదో పొలం కాయితం చిత్తు రాస్తున్నాను. పాప గుక్కపట్టి ఏడ్చింది. తర్వాత ఏడుపు ఆగిపోయింది. "అత్తమ్మా" అని అల్లుడు పెట్టిన కేకకి నేనూ లోపలికి పరిగెత్తాను. అతని చేతుల్లో పాప మెడ వాల్చేసి ఉంది. కళ్ళు పైకి తేలేసింది. ఎడమ చెయ్యి ఆగకుండా కొట్టుకుంటోంది.

నరసరావుపేటలో చూసినవాళ్ళు ఒక్క క్షణం కూడా ఉంచుకోకుండా గుంటూరు పంపారు. అక్కడ స్కానింగ్ తీస్తే తలలో నెత్తురు గడ్డ కనిపించింది. ఆపరేషన్ చేసి తీశారు. ఒంటి మీద చూస్తే ఎక్కడా దెబ్బ లేదు, కమిలిన మచ్చ కూడా లేదు. పిల్లల డాక్టరమ్మ మా నలుగురినీ వరుసగా నిలబెట్టి అడిగింది.

"పాప కింద పడిందా? ఎవరన్నా గట్టిగా పట్టుకుని ఊపారా?"

ఎవరూ నోరు తెరవకముందే నేను చెప్పాను. "ఊపాడమ్మా. ఏడుపు ఆపలేదని కోపంతో ఊపాడు. నేను చూశాను."

నేను చూడలేదు. మా వీధిగదిలో కూర్చుంటే మధ్యగది కనిపించదు. అయినా ఆ మాట నా నోట్లో ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్నట్టు బయటికొచ్చింది. అల్లుడు నా వైపు చూశాడు. ఎదురు మాట్లాడలేదు. అతను మాట్లాడకపోవడాన్ని కూడా నేను ఫిర్యాదులో రాశాను, నేరం ఒప్పుకున్నట్టుగా.

అతని మీద నాకున్న పగ పాపకంటే పాతది. అతను దుర్గిలో రాయి చెక్కే మనిషి. నంది విగ్రహాలూ, ధ్వజస్తంభం పీటలూ చెక్కుతాడు. నా కూతురు అతన్ని ఇష్టపడింది. నేను ఒప్పుకోలేదు. ఒకరోజు నేను మాచర్ల వెళ్ళిన సమయం చూసుకుని ఇద్దరూ నేను రోజూ కూర్చునే ఆఫీసుకే వచ్చి పెళ్ళి రిజిస్టరు చేయించుకున్నారు. ఆ కాయితం రాసింది నా పక్క బల్ల లేఖరి. నా కూతురి పెళ్ళి ఊళ్ళో టీకొట్టువాడికి కూడా తెలిసిన తర్వాత నాకు తెలిసింది. ఏడాదిన్నర మాటల్లేవు. కూతురు కడుపుతో ఉందని తెలిసి మా ఆవిడ ఏడ్చి గోల చేస్తే ఇంటికి రానిచ్చాను. రానిచ్చానేగాని క్షమించలేదు. 'ఈ మనిషి ఎప్పుడో ఒకప్పుడు నాకు దొరక్కపోడు' అనుకుంటూ ఉన్నాను. దొరికాడు.

పోలీసులు కేసు కట్టి అతన్ని రిమాండుకి పంపారు. ఎస్సై నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"డాక్టర్ల బోర్డు ఒక అభిప్రాయం ఇయ్యాల పెద్దాయనా. దెబ్బ వల్లనో, జబ్బు వల్లనో వాళ్ళు తేల్చాల. దానికి పాప కడుపులో పడ్డ కాణ్ణుంచి ఆ ఆదివారం దాకా కాయితాలన్నీ కావాలంట. మా కానిస్టేబుల్ని తిప్పితే నెల పడుద్ది. మీరు కాయితాల మనిషి గదా."

"వారంలో తెస్తా సార్," అన్నాను.

డాక్టరమ్మ కూడా అదే చెప్పింది. పాపను తెచ్చిన వేళకి ప్రాణం మీదికొచ్చింది గనక, నెత్తురు పరీక్షకి తీసేలోపే ప్లాస్మా ఎక్కించాల్సి వచ్చిందట. వేరేవాళ్ళ ప్లాస్మా కలిశాక ఇక పరీక్షల్లో అసలు సంగతి సరిగ్గా తెలియదట. "ఇది ఊపడం వల్ల కావచ్చు, లోపలి లోపం వల్లా కావచ్చు. పాప చరిత్ర ఉన్నదున్నట్టు తెస్తేనే చెప్పగలం," అంది. అందులో 'ఊపడం వల్ల' అన్న మాటే నేను మూట కట్టుకుని వచ్చాను.

ముందు ఏఎన్ఎమ్ దగ్గరికి వెళ్ళి తల్లీబిడ్డల కార్డు జిరాక్సు తీసుకున్నాను. కడుపుతో ఉన్న నెలల్లో అల్లుడు ప్రతిసారీ పరీక్షలకి బండి మీద తీసుకొచ్చేవాడని ఆమె మెచ్చుకుంటూ చెప్పింది. అది నేను రాసుకోలేదు. నెలన్నరకి వెయ్యాల్సిన టీకాలు పడ్డాయి. మంచిదే. బిడ్డలో ఏ వంకా లేదని తేలితే వంక అంతా అతనిదే అవుతుంది. నేను వెతికింది దానికోసమే.

తర్వాత మా వీధిలో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళాను. జ్వరం, దగ్గు ఏదొచ్చినా మాకు ముందు ఆయనే. నన్ను చూడగానే భయపడ్డాడు.

"నా సంగతి ఎందుకన్నా ఇందులో? నేను రాసేదే తెల్లకాయితం మీద. కోర్టుకి లాగితే నా కొట్టు మూతే."

"నిన్నెవరూ లాగరు. పాపను ఎప్పుడన్నా నీ దగ్గరికి తెచ్చారా, అది చెప్పు."

"ఒక్కసారి. ముక్కులోంచి సన్నంగా నెత్తురు చార వచ్చిందని వదినగారు ఎత్తుకొచ్చింది. వేడి చేసిందన్నా, తడిగుడ్డ పెట్టమని చెప్పి పంపించా."

ఆ మాట వినగానే నాకు కలిగిన సంతోషం గురించి రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. పసిగుడ్డు ముక్కులో నెత్తురంటే ముందే కొట్టి ఉంటాడు. ఇది రెండోసారి అన్నమాట. అలవాటైన చెయ్యి అన్నమాట. ఇంటికి వచ్చేలోపే ఆ పేరా మొత్తం మనసులో రాసేశాను.

"ఏమే, పాపకి ముక్కులో నెత్తురు వచ్చింది ఏ రోజు?" అని మా ఆవిణ్ణి అడిగాను.

"సోమవారం. ఏం?"

"వాడు కొట్టాడన్నమాట."

ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే అంది. "వెల్దుర్తిలో గుడి పని మీద ఉండి అతను వచ్చింది శనివారం గదయ్యా. ఐదు రోజుల ముందే గాల్లోంచి కొట్టాడా? చానా పొడుగు చెయ్యే."

"నువ్వు నోరు మూసుకో."

"నేను మూసుకుంటాలే. నువ్వు రాసుకో."

ఆర్‌ఎంపీ చెప్పింది రాసుకున్న చీటీని ఫైలులో పెట్టలేదు. అట్లా అని చించెయ్యలేదు కూడా. చించితే నేరం అవుతుంది, పెట్టకపోతే మరుపు అవుతుంది. ముప్పై ఏళ్ళ వృత్తి నాకు నేర్పిన తేడా అది.

అల్లుడి తల్లి వారానికి రెండుసార్లు కొడుకుని చూడ్డానికి సబ్‌జైలుకి వెళ్తూ మా ఇంటి ముందు నుంచే పోయేది. ఒకరోజు నేను అరుగు మీద కూర్చుని కాయితాలకి చిల్లులు పొడుస్తుంటే క్యారియర్ పట్టుకుని వచ్చి నిలబడింది.

"ఏం అన్నయ్యా, మా వాడి బతుకులో ఇంకా ఎన్ని పేజీలున్నయ్యి?"

"సరిపడా ఉన్నయ్."

"మంచిది. నీ మనవరాలు ఆడుకుంటదని నల్లరాయితో చిన్న ఏనుగును చెక్కడం మొదలుపెట్టాడు. సగంలో ఆగింది. దాన్ని కూడా ఫైల్లో పెట్టుకో. రాయే గదా, దెబ్బకి సాక్ష్యంగా పనికొస్తది."

ఆమె పోయాక, అతని చేతులు రాళ్ళు కొట్టి మొద్దుబారిన చేతులనీ, పసిబిడ్డ బరువు వాటికి తెలియదనీ ఒక వాక్యం చేర్చాను. బాగా కుదిరిందనుకున్నాను కూడా.

చివరికి మిగిలింది పాప పుట్టిన నర్సింగ్ హోమ్. నరసరావుపేట బస్సెక్కాను. కేస్ షీటు తీసిచ్చిన నర్సు నన్ను గుర్తుపట్టింది.

"మీరు నూనె గిన్నె తాతగారు కదా?"

పాప మూలా నక్షత్రం మొదటి పాదంలో పుట్టింది. తండ్రికి దోషం అని పురోహితుడు ఫోన్లో చెప్పాడు. ఇరవై ఏడో రోజు మళ్ళీ అదే నక్షత్రం వచ్చినప్పుడు శాంతి చేయించి, నూనె గిన్నెలో బిడ్డ నీడ చూశాకే తండ్రి బిడ్డ ముఖం చూడాలి. మా వైపు అందరూ పాటించేదే. కాని నేను పాటించిన తీరు వేరు. శాంతి మాట చెవిన పడగానే నాకు బెల్లం ముక్క దొరికినట్టయింది. పుట్టిన కబురు విని అల్లుడు దుర్గి నుంచి ఆటోలో వచ్చేసరికి నేను మెట్ల మీద అడ్డంగా నిలబడి, "నీకు చూసే యోగం లేదు. ఇరవై ఏడు రోజులు ఆగు," అని చెప్పాను. వినయంగా, నలుగురూ వినేటట్టు. అతను రెండు గంటలు ఆ మెట్ల కిందే నిలబడి వెళ్ళిపోయాడు. ఆ రెండు గంటలూ నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.

నర్సు జిరాక్సుకి తీస్తున్న పేజీల్లో ఒకటి నాకు తగిలింది. అందులో నా దస్తూరీ ఉంది.

'విటమిన్ కె ఇంజక్షన్: ఇవ్వలేదు' అని డాక్టరు రాసిన వరస కింద, నిండు వాక్యాల్లో, నేనే రాశాను. 'శిశువు జన్మ నక్షత్ర శాంతి జరగనందున, సదరు శాంతి పూర్తగు వరకు శిశువు శరీరముపై సూది వేయుటకు మాకు సమ్మతి లేదు. ఇందువలన కలుగు మంచి చెడ్డలకు పూర్తి బాధ్యత నాది.' తేదీ, వేళ, సంతకం. నా దస్తావేజుల్లో ఉన్నట్టే ఎక్కడా కొట్టివేత లేదు.

సూది మాట పురోహితుడు అననేలేదు. ఆ రోజు నర్సు, సూది వెయ్యాలి, పాపను కింద పిల్లల గదికి తీసుకెళ్తానంది. కింద మెట్ల దగ్గర అల్లుడున్నాడు. తీసుకెళ్తే అతను చూస్తాడు. అంతే నా కారణం. "మా ఇంట్లో శాంతి కాందే సూది పడకూడదమ్మా," అని అక్కడికక్కడ కల్పించాను. "అయితే రాసివ్వండి," అంది. రాయడం నాకొక లెక్కా? నెలన్నరకి ఏఎన్ఎమ్ సూదులు వేసింది కదా, అన్నీ పడ్డాయనుకుని ఆ సంగతి పూర్తిగా మరిచిపోయాను.

"ఇది టీకా కాదా అమ్మా?" అని అడిగాను.

"కాదు బాబాయ్ గారూ. నెత్తురు గడ్డకట్టడానికి వేస్తాం, పుట్టగానే. తల్లిపాలల్లో అది సరిపడా ఉండదు. వెయ్యకపోతే కొందరు పిల్లలకి నెలకో రెండు నెలలకో లోపల నెత్తురు కారుద్ది. ముందు ముక్కులోనో బొడ్డు దగ్గరో కాస్త కనపడుద్ది, తర్వాత తలలో. ఆ రోజు మీకు చెప్పానే. మీరు వినే పరిస్థితిలో లేరు."

అప్పుడు నేను చేసింది కూడా చెప్పాలి. "అమ్మా, ఈ పేజీ లేకుండా ఇవ్వడానికి వీలుంటదా?" అని అడిగాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. "పేజీలకి నంబర్లున్నాయి బాబాయ్ గారూ. ఐదు తర్వాత ఏడు వస్తే వాళ్ళడగరా? అయినా అసలు కాయితం మా దగ్గరే ఉంటది," అంది. కోపంగా కూడా అనలేదు.

బస్సులో ఆ ఆరో పేజీని మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాను. ఇంటికి వచ్చి, అది లేకుండానే ఫైలుకి విషయసూచిక రాశాను. తొమ్మిది రోజులు ఫైలు ఎవరికీ ఇవ్వకుండా నా దగ్గరే ఉంచుకున్నాను. ఆ తొమ్మిది రోజుల్లోనే అల్లుడి జామీను అర్జీ కొట్టేశారు. ఆ కబురు విన్నప్పుడు, ఆరో పేజీ నా పెట్టెలో ఉండగానే, నాకు ఆనందం కలిగింది. పశ్చాత్తాపం ఒక్కసారిగా వచ్చి మనిషిని కడిగేస్తుందని విన్నాను. నాకట్లా రాలేదు. తప్పు నాదని తెలిసిన తర్వాత అతని మీద కసి ఇంకా పెరిగింది. అతను నిర్దోషి కావడమే నాకు కొత్త అవమానం అయింది.

కూతురు గుంటూరు ఆసుపత్రిలో పాప దగ్గరే ఉంది. పాపకి ప్రాణగండం తప్పింది గాని ఎడమ చెయ్యి ఎత్తడం లేదు. నేను వెళ్ళినప్పుడల్లా కూతురు ఒక్కటే అడిగేది.

"ఎట్లా ఊపాడు నాన్నా? ఆయన అట్లా చేస్తాడంటే నాకు ఎంత తలుచుకున్నా కనపడట్లేదు. ఒక్కసారి చూపించు."

మొదటిసారి మాటల్లో దాటేశాను. రెండోసారి తువ్వాలు చుట్టి రెండు చేతుల్తో పట్టుకుని ఊపి చూపించాను. మూడోసారి కూడా చూపించాను. ఆమె చాలాసేపు చూసి, "మొన్న చంకల కింద పట్టుకున్నాడని చూపించావు. ఇవాళ భుజాలు పట్టుకున్నావే," అంది.

"కంగారులో ఏది ముందో ఏది వెనకో."

ఆమె తల దించుకుని, "నువ్వు చూశావు గదా. అంతే చాలు. విడాకుల కాయితం నువ్వే రాయి నాన్నా. వేరేవాళ్ళ చేత రాయించను," అంది.

ఎదురుచూసిన మాట అది. ఇంటికి వచ్చి చిత్తుకాయితం తీసుకుని కూర్చున్నాను. పేర్లు, ఊళ్ళు, పెళ్ళి తేదీ గబగబా రాశాను. కారణం దగ్గరికి వచ్చాను. 'సదరు భర్త, శిశువును' అని మొదలుపెట్టి ఆగాను. ఆరో పేజీలో కూడా 'సదరు' అనే రాశాను, 'శిశువు' అనే రాశాను. అదే పెన్ను, అదే మలుపు అక్షరాలు. ఆ పేజీ తీసి పక్కన పెట్టుకుని చూశాను. ఆ రోజు రాసిన ఆ నాలుగు ముక్కలు పాప చెయ్యి తీసుకున్నాయి. ఇప్పుడు రాయబోతున్న నాలుగు ముక్కలు దాని తండ్రిని తీసుకుంటాయి. మధ్యాహ్నం దాకా అట్లాగే కూర్చున్నాను. మా ఆవిడ అన్నానికి పిలిస్తే, ఉన్నదంతా ఆమెకి చెప్పాను. ఆమె నా కంచం తీసి లోపల పెట్టేసింది.

మర్నాడు ఫైలు మళ్ళీ కుట్టాను. ఆరో పేజీ, ఆర్‌ఎంపీ చెప్పింది, రోజుల లెక్క, అన్నీ పెట్టాను. ఊపడం నేను చూడలేదని, అబద్ధం చెప్పానని, పుట్టిన రోజు అల్లుడు మెట్ల కింద నిలబడి ఉన్నాడనే సూది వద్దన్నానని విడిగా రాసి సంతకం చేశాను. అది రాసేటప్పుడు కూడా చివర్లో, అల్లుడు బిడ్డను ఎత్తుకోవడంలో అజాగ్రత్త మనిషేనని ఒక ముక్క దూర్చాను. చదువుకుని కొట్టేశాను. నా జీవితంలో కొట్టివేతతో ఇచ్చిన కాయితం అదొక్కటే. ఎస్సై చదివి, "దీనికి మీ మీద కేసు అవుద్ది, తెలుసుగా?" అన్నాడు. తెలుసన్నాను.

ఆ సాయంత్రమే గుంటూరు వెళ్ళి, వరండాలో కూతురి చేతికి ఆరో పేజీ, నా ఒప్పుకోలు, రెండిటి జిరాక్సులూ ఇచ్చాను. ఆమె నిలబడే చదివింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను.

"ఆ రోజు ఆయన మెట్ల కింద ఎంతసేపు నిలబడ్డాడు?" అని మాత్రం అడిగింది.

"రెండు గంటలు."

"బస్సు దొరక్క రాలేదంట అని నాకు చెప్పావు."

లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

పాపది నెత్తురు లోపమే అయ్యుండవచ్చని, ఊపినట్టు నమ్మడానికి ఆధారం లేదని బోర్డు రాసింది. అతన్ని వదిలిపెట్టారు. బయటికి వచ్చే రోజు నేను వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను. తల్లి పక్కన నడుస్తూ వచ్చి నా ముందు ఆగాడు. చిక్కిపోయాడు. నేను చేతులు జోడించబోతే, "దించండి మామా," అన్నాడు.

"నీ ఇష్టం. కేసు వెయ్యి. నేను ఒప్పుకుంటా," అన్నాను.

"వెయ్యను. వేస్తే మీరు ఫైలు బాగా రాసుకుంటారు." అతని గొంతులో తొందర లేదు. లోపల ఉన్నన్నాళ్ళూ తయారుచేసుకున్న మాటలని తెలుస్తోంది. "పాప పెద్దదవుద్ది. ఈ చెయ్యి ఎందుకిట్లా ఉందని అడుగుద్ది. నేను చెప్పను. వాళ్ళమ్మ కూడా చెప్పదు. ఆ రోజు మీకు కబురు పంపిస్తా. మా ఇంటికొచ్చి, దాని ముందు కూర్చుని, మీరే చెప్పాల. అంతవరకూ మా గడప తొక్కొద్దు."

నా పగ తీర్చుకోవడానికి అన్నాళ్ళూ శ్రమపడి ఇన్ని కాయితాలు పోగేశాను. అతనికి నాలుగు మాటలు సరిపోయాయి.

పోలీసులు నా మీద కట్టిన అబద్ధపు ఫిర్యాదు కేసు వాయిదాల్లో ఉంది. పిలిచినప్పుడల్లా వెళ్ళి నిలబడుతున్నాను. అది నాకు పెద్ద బాధ కాదు. రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళడం మానేశాను. కాయితం రాయమని ఇంటికి వచ్చినవాళ్ళని నా పక్క బల్ల లేఖరి దగ్గరికే పంపిస్తున్నాను.

పాపకి ఇప్పుడు మూడో ఏడు. దుర్గిలో ఉంటుంది. మా ఆవిడ నెలకోసారి వెళ్ళి రెండు రోజులుండి వస్తుంది. ఆమె బస్సు దిగి చెప్పులు విప్పకముందే అడుగుతాను.

"ఏమన్నా అడుగుతోందా?"

"అన్నీ అడుగుతోంది. కోడికి చేతులు ఎందుకు లేవంటది. రాయికి నొప్పి పుట్టదా అంటది. నోరు మూయదు."

"చెయ్యి సంగతో?"

మా ఆవిడ నా వైపు చూడదు. సంచిలోంచి గుడ్డలు తీసి దండెం మీద వేస్తూ, "ఇంకా లేదు," అంటుంది.